ఇనామిగారి ఇరవై శాతం

ఇనామి కన్‌జిగారు కామాకురాలో తొమ్మిదేళ్ళుగా గైడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన ఊరు చూపించిన మనిషి ఒక్కరు కూడా లేరు.

తెలివి తక్కువై కాదు. ఎనిమిది వందల ఏళ్ళనాడు కత్తి పట్టినవాళ్ళు సముద్రం ఒడ్డున కట్టుకున్న రాజధాని అది. ఏ కొండదారిలో ఎవరి తల తెగిందో, ఏ గుడికి ఎన్ని మెట్లో, వాటిలో వానకు కాలు జారే మెట్టు ఏదో ఆయనకు కంఠతా వచ్చు. వంటింట్లో మిసో చారు గిన్నె పక్కన నిలబడి, గరిటెను గైడు జెండాలా ఎత్తి పట్టుకుని ఆ కథలన్నీ అప్పజెప్పేవారు. “పాపం మీకు దొరికింది నేనూ, ఈ ముల్లంగి దుంపానూ,” అనేది ఆయన భార్య ఫూమి. అయినా వినేది.

ఇబ్బందల్లా ఇనామిగారు వానమనిషి కావడమే. ఆ దేశంలో ప్రతి ఆఫీసులో, ప్రతి బడిలో ఇలాంటివాడు ఒకడుంటాడు. అతను చెప్పులు తొడుక్కుంటే చాలు, ఆకాశానికి చిల్లు పడుతుంది. అలాంటివాణ్ణి ఎవరూ తిట్టరు, అంత మర్యాద లేనివాళ్ళు కాదు. నవ్వుతారు, భుజం తడతారు, మరుసటిసారి పిలవడం మరిచిపోతారు.

మొదటి ఏడాది చెర్రీపూల రోజుల్లో స్టేషన్ తూర్పు ద్వారం దగ్గర ఆయన జెండా ఎత్తారో లేదో, కుండపోత. వచ్చినవాళ్ళు వచ్చిన రైలుకే తిరిగిపోయారు. రెండో ఏడాది తుఫాను. ఆ రెండేళ్ళూ ఊళ్ళో అందరి నెత్తినా వానలు పడ్డాయి కానీ, పేరొచ్చింది మాత్రం ఇనామిగారి వానలకే.

వాళ్ళ సంఘం పేరు పాత పట్టణ మిత్రబృందం. ఉద్యోగాలు అయిపోయి, ఇంట్లో భార్యల కాళ్ళకు అడ్డం పడుతున్న పెద్దమనుషులంతా కలిసి పెట్టుకున్నది. అధ్యక్షుడు కుసునోకిగారు బీమా కంపెనీలో నలభై ఏళ్ళు ప్రమాదాలు లెక్కగట్టిన మనిషి. ఆయన పెట్టిన నియమం చాలా తేలిక. పర్యటనకు ముందురోజు సాయంత్రం అయిదింటికి వాతావరణ సూచన చూడాలి. వాన పడే అవకాశం యాభై శాతం ఉంటే రద్దు. లేకపోతే లేదు. రద్దయితే చీటీలో ఉన్న వరుస ప్రకారం ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసుకుంటూ పోవాలి.

ఇందులో చిన్న సవరణ ఒకటుంది. పర్యటన నడిపేది ఇనామిగారైతే, సూచనకు మరో ఇరవై శాతం కలుపుతారు. ఎవరూ ఓటు వేసి తీర్మానించింది కాదు. మూడో ఏడాది కుసునోకిగారు నవ్వుతూ అన్నారు. నాలుగో ఏడాది నవ్వకుండా అన్నారు. అయిదో ఏడాది నుంచి కార్యదర్శి ఒతొవమ్మగారు అడక్కుండానే కలిపేస్తోంది.

అలా ముప్పై కాస్తా యాభై అయ్యేది. తెల్లారితే కళ్ళు చెదిరే ఎండ. ఇనామిగారు ఆ ఎండలో పరుపులు ఆరేసేవారు. సంఘం పుస్తకంలో మాత్రం “వాన కారణంగా రద్దు” అని ముందురోజే సిరాతో రాసేసి ఉండేది. సిరాతో రాసినదాన్ని కాదనడానికి ఆకాశానికి ఏం అర్హత ఉంది? డిసెంబరు విందులో ఆ పుస్తకం చదువుతుంటే అందరూ ఆప్యాయంగా గొల్లుమనేవారు. ఇనామిగారు లేచి నడుం దాకా వంగి, “నా వాన వల్ల ఈ ఏడు కూడా అందరికీ ఇబ్బంది కలిగింది, క్షమించాలి,” అనేవారు. చప్పట్లు కొట్టి ఆయన గిన్నెలో సాకే సారా పోసేవారు. పడని వానకు క్షమాపణ చెప్పుకున్న మనిషి ఆ తీరంలో ఆయనొక్కరే అయి ఉంటారు.

ఈ ఏడాది మార్చిలో ఏడాది పొడుగునా ఎవరు ఏ ఋతువు చూపించాలో పంచుకోవడానికి కూర్చున్నారు.

“ఏప్రిల్, చెర్రీపూలు. ఎవరూ ముందుకు రారు కాబట్టి ఆ బరువు నేనే మోస్తాను,” అన్నారు కుసునోకిగారు. ఎవరైనా ముందుకు రావడానికి ఆయన ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. “మేలో లేత ఆకులు, ఒతొవమ్మగారు. జూన్‌లో వానకు విచ్చే అజిసాయి పూలు... అదీ నాకు తప్పేలా లేదు. జూలై, ఆగస్టు ఎండకి జనం చస్తారు, వద్దు. సెప్టెంబరు?”

అందరూ ఇనామిగారి వైపు ఎంతో ప్రేమగా చూశారు. సెప్టెంబరు తుఫానుల నెల. దేనికి తగ్గవాళ్ళని దానికి పెట్టాలి కదా.

ఇనామిగారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. సంఘంలో డెబ్భై అయిదు నిండినవాళ్ళు గైడు చేతిపట్టీ అప్పగించి తప్పుకోవాలి. ఆయనకు జూలై రెండుకి నిండుతాయి. ఆ మాట అందామని గొంతు సవరించుకున్నారు. సవరించుకోవడం పూర్తయ్యేసరికి నవంబరు ఎర్ర ఆకులు కుసునోకిగారి బావమరిదికి వెళ్ళిపోయాయి.

“అంటే మిమ్మల్ని తీసేశాక మీకు పని ఇచ్చారన్నమాట,” అంది ఫూమి ఆ సాయంత్రం. “మీరేమన్నారు?”

“ఏమనను? అందరూ అంత సంతోషంగా ఉంటేనూ...”

“అలాగే ఉండండి. మీ గైడుతనం ఈ వంటింట్లో పుట్టింది, ఈ వంటింట్లోనే పోతుంది.”

ఆ రాత్రి ఇనామిగారు చారు గిన్నె దగ్గర ఏ కథా చెప్పలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, జెండా పట్టుకుని నలుగురికి ముందు నడవాలన్నది తప్ప ఆయనకు ఇంకే కోరికా లేదు. అంత చిన్న కోరికని నోరు తెరిచి అడగడానికే సిగ్గేసింది.

జూన్ వచ్చింది. వానాకాలం మొదలైందని ఏడో తేదీన ప్రకటించారు. ఎనిమిదో తేదీ నుంచి చినుకు లేదు. ప్రకటన ప్రకటనే కాబట్టి జనం పది రోజుల పాటు గొడుగులు మోసుకుని ఎండలో తిరిగారు. వానకు నీలంగా ఉబ్బాల్సిన అజిసాయి గుత్తులు కాలవగట్టు పొడుగునా అంచులు మాడి వేలాడుతున్నాయి. పేటవాళ్ళు బిందెలతో తోడి పోశారు, చాల్లేదు. పూల రంగు మిఠాయిలు చేసినవాళ్ళు వాటిని తామే తింటున్నారు. టోఫు దుకాణం నడిపే నొయె గుడ్డబొమ్మ చేసి చూరుకు తలకిందులుగా కట్టింది. నిటారుగా కడితే ఎండ, తలకిందులుగా కడితే వాన. ఆ బొమ్మకు గుండ్రటి కళ్ళద్దాలు గీసింది. పేటలో గుండ్రటి కళ్ళద్దాలు ఇనామిగారివే.

ఆ వారంలోనే, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ గడప తొక్కని కుసునోకిగారు మిఠాయి డబ్బా పట్టుకుని ఇనామిగారింటికి వచ్చారు. ఎండల గురించి మాట్లాడారు. ఫూమి పెట్టిన బార్లీ టీ రుచి గురించి మాట్లాడారు. గోడ మీది క్యాలెండరు బొమ్మ గురించి కూడా మాట్లాడారు.

“ఇనామిగారూ, పెద్దవాళ్ళు మీరు. ఇరవయ్యో తేదీ అజిసాయి పర్యటన మీరే నడపాలని సంఘంలో అందరి కోరిక.”

ఇనామిగారు కప్పు కింద పెట్టారు. “నేనా? జూన్‌లోనా?”

“మీరు కాకపోతే ఎవరండీ! ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. పూలు కాస్త... అంటే, ఒక్క మంచి... మీరు వస్తే అన్నీ అవే తేరుకుంటాయని మా నమ్మకం.”

ఆయన వెళ్ళిపోయాక ఫూమి డబ్బా తెరిచి చూసింది. పూల రంగు మిఠాయిలే, అమ్ముడుపోనివి.

“మీ కథలు కావాలని రాలేదండీ ఆయన. మీ వాన కావాలని వచ్చాడు.”

“తెలుసు.”

“వాన పడితే పర్యటన రద్దంటారు. పడకపోతే మీరు పనికిమాలిన వానమనిషి అంటారు. ఎటు తిరిగినా దెబ్బ మీకే. అదీ తెలుసా?”

“తెలుసు. అయినా ఇరవై రెండు మంది, ఫూమీ!” అన్నారాయన. మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. ఫూమి డబ్బా మూసేసింది.

తెల్లారి నుంచి పేటంతా ఆయనకు వంగి దణ్ణాలు. “నమ్ముకుని ఉన్నామండీ,” అని చేపలవాడు. “పందొమ్మిది సాయంత్రం నుంచి మేం నీళ్ళు పోయడం మానేస్తున్నాం, ఎలాగూ మీరున్నారుగా,” అని కాలవగట్టు వాళ్ళు. ఇనామిగారు అందరికీ వంగారు, శాయశక్తులా ప్రయత్నిస్తానన్నారు. ఇంటికొచ్చి, పాత చేతిరుమాలుతో గుట్టుగా ఒక బొమ్మ చేసి, అల్మారాలో కోట్ల వెనక నిటారుగా వేలాడదీశారు.

రెండు రోజులకే ఫూమికి అది దొరికింది. “అల్మారాలో కడితే ఆకాశానికి కనబడుతుందా?” అని దాన్ని తీసుకెళ్ళి పెరటి చూరుకు కట్టింది. అంతకు మించి ఆ విషయం ఇద్దరూ ఎత్తలేదు.

పందొమ్మిది సాయంత్రం అయిదయింది. సంఘం గదిలో కుసునోకిగారు సూచన చూశారు. ముప్పై శాతం.

“ముప్పై. ఇనామిగారి ఇరవై. యాభై!” అని ఆయన చప్పట్లు చరిచారు. ఒతొవమ్మ కళ్ళు చెమర్చాయి. పూలు బతికిపోయినట్టే. ఆ సంతోషం నిమిషం పాటు నిలిచింది. ఆ తర్వాత ఆమె నియమాల కాగితం వైపు చూసింది.

“యాభై అంటే... రద్దండీ.”

“రద్దే మరి.”

“ఆయన రాకపోతే వాన...”

“ఒతొవమ్మగారూ, నియమం నియమమే. వాన పడేచోటికి జనాన్ని ఎలా పంపుతాం?”

వాన కోసం ఇనామిగారిని పెట్టారు, వాన వస్తుందని ఇనామిగారిని తీసేశారు. ఒతొవమ్మ సిరా కలం తీసి “వాన కారణంగా రద్దు” అని అందంగా రాసి, ఫోన్ ఎత్తింది.

ఫోన్ల వరుసలో ఆఖరి పేరు ఇనామిగారిది. మోగేసరికి ఆయన స్నానాల తొట్టిలో ఉండి, ఊళ్ళోని కంచు మహాబుద్ధుడి కథ గట్టిగా అప్పజెప్పుకుంటున్నారు. ఫోన్ ఫూమి ఎత్తింది. “ఆఁ... ఆఁ... అలాగా. ఆయనకు చెబుతాను,” అని పెట్టేసింది. తొట్టి గది తలుపు దాకా వెళ్ళి, లోపలి గొంతు విని, వెనక్కి వచ్చి ముల్లంగి తరుక్కుంది. చెబితే ఆయన ఏం చేస్తారో ఆమెకు తెలుసు. సరే అంటారు, వంగుతారు, పొద్దున్నే పరుపులు ఆరేస్తారు.

ఇరవయ్యో తేదీ తొమ్మిది గంటలకు ఇనామిగారు స్టేషన్ తూర్పు ద్వారం ముందు నిలబడ్డారు. చేతికి పట్టీ, భుజాన జెండా. కాళ్ళకు రబ్బరు బూట్లు, ఒంటి మీద వానకోటు. ఎంతైనా తన మీద తనకూ కాస్త నమ్మకం ఉంది. పైన మాత్రం ఉతికి ఆరేసినట్టు నీలాకాశం. గద్దలు చుట్లు తిరుగుతున్నాయి. తొమ్మిదింపావు అయింది. తొమ్మిదిన్నర అయింది. వానకోటు లోపల ఆయన ఒక్కరికే వాన కురుస్తోంది.

తొమ్మిది నలభైకి టోపీ పెట్టుకుని, అన్నం ఉండల మూట పట్టుకుని ఫూమి వచ్చింది.

“ఎవరూ రారండీ. నిన్ననే రద్దు చేశారు. వానట.”

ఇనామిగారు ఆకాశం వంక చూశారు. “ఎండ కాస్తోందే.”

“ఇది ఎన్నోసారి?” ఆమె సంచిలోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసింది. అది ఇంటి దినచర్య పుస్తకం. ఏ రోజు ఏం వండిందో, ఏం ఉతికిందో, ఆ రోజు ఎండో వానో రాసుకుంటుంది. “మూడో ఏడు, సెప్టెంబరు పద్నాలుగు: ఎండ, నాలుగు పరుపులు ఆరేశాం. నాలుగో ఏడు: ఎండ, దుప్పట్లు. అయిదో ఏడు: పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ, రేగుపళ్ళు ఎండబెట్టాను. చదవమంటారా ఇంకా? తొమ్మిదింట్లో రెండే వానలు. ఏడుసార్లు ఎండలో నా పక్కన కూర్చుని, డిసెంబర్లో వెళ్ళి వానకు క్షమాపణ చెప్పి వచ్చారు.”

“నాకు తెలుసు ఫూమీ.”

“తెలుసు. అదే నా కడుపుమంట. తెలియని వెధవైతే జాలిపడేదాన్ని.”

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఇనామిగారు జెండా భుజం మీంచి దించారు. “అందరూ నవ్వుతుంటే, నేనొక్కణ్ణి లేచి ఆ రోజు ఎండ కాసిందని ఎలా అనను? పంక్తి చెడగొట్టినట్టు ఉంటుంది,” అన్నారు.

“ఇప్పుడు ఎవరూ నవ్వట్లేదు. నేను బస్సు టికెట్ కొనుక్కుని మరీ వచ్చాను. నడపండి.”

ఇనామిగారు వానకోటు విప్పి మడిచి సంచిలో పెట్టారు. బూట్లు విప్పడానికి వేరే చెప్పులు లేవు. జెండా ఎత్తారు. మొదటి గుడి దగ్గర మాటలు ముందువెనకలయ్యాయి. రెండో గుడి దగ్గర తారీఖులు తడబడ్డాయి. మూడో గుడి మెట్ల మీద, “ఈ పదకొండో మెట్టు వానకు జారుతుంది,” అని చెప్పి, ఎండకు కాలిపోతున్న ఆ మెట్టు వైపు చూసి ఆయనకే నవ్వొచ్చింది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. గున్మా కొండల నుంచి సముద్రం చూడ్డానికి వచ్చిన ముసలి అక్కచెల్లెళ్ళిద్దరు, “మేమూ వినొచ్చా?” అని అడిగారు. తర్వాత ఒక జంట, ఇంకో ఇద్దరు. మహాబుద్ధుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన వెనక ఏడుగురు నడుస్తున్నారు, రబ్బరు బూట్ల టపటపలు వింటూ.

“ఒకప్పుడు ఈయన చుట్టూ పెద్ద మందిరం ఉండేది,” అన్నారు ఇనామిగారు, జెండా కంచు బుద్ధుడి వైపు చాపి. “గాలివానలు కొంత, సముద్రం కొంత పట్టుకుపోయాయంటారు. అయిదు వందల ఏళ్ళు దాటింది. అప్పటి నుంచి ఎండొచ్చినా వానొచ్చినా ఇలా బయటే కూర్చున్నాడు.”

“ఇన్నేళ్ళూ తడిసి కూడా,” అంది ఫూమి, అందరికీ వినబడేలా, “ఆయన ఎవరికైనా క్షమాపణ చెప్పాడాండీ?”

గున్మా అక్కచెల్లెళ్ళు పకపకా నవ్వారు. గైడుగారు మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్ళారు.

తిరిగి వస్తుంటే టోఫు దుకాణం ముందు నొయె నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురైంది. “ఏమండీ, ఇంత నమ్మకం పెట్టుకుంటే ఒక్క చుక్కైనా రాల్చలేదే! గట్టు మీద పూలన్నీ మాడిపోయాయి.” అలవాటు కొద్దీ ఇనామిగారి నడుం వంగబోయింది. వెనక నుంచి ఫూమి ఆయన బెల్టు పట్టుకుంది. సగం వంగి ఆగిపోయిన ఆ మనిషి, “బిందెలు ఉన్నాయి కదమ్మా ఇంట్లో,” అని ముందుకు నడిచారు.

జూలై రెండు మధ్యాహ్నం సంఘం గదిలో వీడ్కోలు. అప్పటికీ చినుకు లేదు. ఆ రోజు సూచన పది శాతం. ఇనామిగారు ఆ రోజుతో విరమిస్తున్నారు కాబట్టి ఆయన వాటా కలపనక్కర్లేదని కుసునోకిగారు తేల్చారు. అందుకని ఇరవై నాలుగు మందిలో ఒక్కరూ గొడుగు తేలేదు. ఫూమి మాత్రం గడప దాటేముందు సూచన చూడలేదు, ఆకాశం చూసింది.

ఒతొవమ్మ పుస్తకం తెరిచి చదివింది. “ఇనామి కన్‌జిగారు, తొమ్మిదేళ్ళ పైచిలుకు సేవ. పర్యటనలు పది. పదీ వాన కారణంగా రద్దు.” అందరూ గొల్లుమన్నారు, ఎప్పటిలాగే ప్రేమగా. చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని ఆ వంగడం కోసం ఎదురుచూశారు.

ఇనామిగారు లేచారు. చేతిపట్టీ తీసి కుసునోకిగారి ముందు పెట్టారు. జేబులోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“మూడో ఏడు, సెప్టెంబరు పద్నాలుగు, ఎండ. నాలుగో ఏడు, ఎండ. అయిదో ఏడు, పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ...” ఆయన పేజీలు తిప్పారు. “పదో ఏడు, జూన్ ఇరవై, ఎండ. పర్యటన జరిగింది. హాజరు ఏడుగురు. రెండు వానలు నిజమేనండీ. మిగతా ఎనిమిదింట్లో ఏడింటికి నేను చెప్పుకున్న క్షమాపణలు వెనక్కి తీసుకుంటున్నాను, ఎనిమిదోదానికి చెప్పను.”

చప్పట్లకు ఎత్తిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. కుసునోకిగారు నీళ్ళు నమిలారు. “అది కాదండీ ఇనామిగారూ... పుస్తకంలో సిరాతో రాసేసి ఉన్నది...”

ఆయన మాట పూర్తి కాలేదు. రేకుల కప్పు మీద టప్పున ఒకటి పడింది. తర్వాత రెండు, మూడు. అంతలోనే చెవులు చిల్లులు పడేలా కుండపోత. కిటికీ అవతల కాలవగట్టు కనబడకుండా పోయింది. ఇరవై నాలుగు తలలు కిటికీ వైపు తిరిగి, మెల్లగా ఇనామిగారి వైపు తిరిగాయి.

వాకిట్లో ఫూమి ఉన్న ఒక్క గొడుగూ విప్పింది. ఇనామిగారు గడప దగ్గర చెప్పులు తొడుక్కుని వెనక్కి చూశారు. నడుం నిటారుగా ఉంది.

“ఇది మాత్రం నాదేనండీ,” అన్నారు.